కత్తిసాములో ఒలింపిక్స్ దాకా తెలుగింటి ఆడపిల్ల - ఆమె తర్వాత ఎవరు?

నాచారం: ఉప్పల్, నాచారం, మల్లాపూర్ ప్రాంతాల్లో 'ఫెన్సింగ్' అనగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేది ముళ్లకంచె. ప్లాటు కొన్నవాడు ముందుగా వేయించేది అదే. తగాదా పడిన జాగాలో రాత్రికి రాత్రి లేచేదీ అదే. రాతి కడీలు పాతి, తీగ లాగి, కూలి లెక్కగట్టుకునే ఈ పనికీ, ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు ఇచ్చే ఒక ఆటకూ ఒకటే పేరున్నదని చాలామందికి 2021 జులై 26 దాకా తెలియదు. ఆ రోజు టోక్యోలో ముఖానికి ఇనుప జాలి ముసుగు, ఒంటికి మెరిసే కోటు వేసుకుని కత్తి పట్టిన ఒక యువతి, ట్యునీషియా దేశపు క్రీడాకారిణి నాదియా బెన్ అజీజీని 15-3 తేడాతో ఓడించింది. ఒలింపిక్స్ ఫెన్సింగ్‌లో భారతదేశం తరఫున బరిలో దిగిన మొట్టమొదటి వ్యక్తి ఆమె. ఆడవారిలోనే కాదు, మగవారిలో కూడా అంతకుముందు ఎవరూ లేరు.

ఆమె పేరు కుమారి చదలవాడ ఆనంద సుందరరామన్ భవానీదేవి. ఇంటిపేరు చూస్తేనే తెలుగువారని తెలిసిపోతుంది. తండ్రి స్వస్థలం తూర్పు గోదావరి ప్రాంతంలోని సామర్లకోట. గుడిలో పూజారిగా పని చేసుకుంటూ మద్రాసులో స్థిరపడ్డారు. తల్లి గృహిణి. 1993 ఆగస్టు 27న మద్రాసులో పుట్టిన భవానీదేవి ఐదుగురు పిల్లల్లో కడసారిది. తెలుగువారు తరతరాలుగా కాపురముంటున్న ఉత్తర మద్రాసులోనే ఆమె పెరిగింది.

ఇప్పుడు ఆమె వయసు ముప్ఫై దాటింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు ఆమె అర్హత పొందలేకపోయింది. ఆమెతోపాటు మరో భారతీయుడు గాని, భారతీయురాలు గాని ఆ ఆటలో పారిస్ చేరలేదు. ఒక మనిషి తెరిచిన తలుపు ఆ మనిషి ఆగగానే మూసుకుపోయింది. ఎందుకు ఇలా జరిగిందో తెలుసుకోవాలంటే ఆమె నడిచిన దారిని మొదటి నుంచి చూడవలసి ఉంటుంది. ఆడపిల్లను ఆటల్లో పెట్టాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్న తల్లిదండ్రులకు ఈ దారిలో తెలుసుకోవలసిన లెక్కలు చాలా ఉన్నాయి.

ఇదీ ఆట

కత్తిసాము మన పల్లెలకు కొత్త కాదు. పీర్ల పండుగకు, దసరాకు తాలీంలలో కర్ర తిప్పడం, కత్తి తిప్పడం పాత తరంవారు కళ్లారా చూసినదే. ఒలింపిక్స్ కత్తిసాము మాత్రం యూరప్‌లో ద్వంద్వ యుద్ధాల నుంచి పుట్టింది. 1896లో ఏథెన్స్‌లో ఆధునిక ఒలింపిక్స్ మొదలైన నాటి నుంచి ఒక్కసారి కూడా మానకుండా జరుగుతున్న కొద్ది ఆటల్లో ఇది ఒకటి. ఇందులో మూడు రకాల కత్తులున్నాయి: ఫాయిల్, ఎపీ, సేబర్. మొదటి రెండింటిలో కత్తి మొనతో పొడిస్తేనే పాయింటు. మూడోదైన సేబర్‌లో మొనతో పొడవవచ్చు, అంచుతో నరకవచ్చు. గుర్రపు రౌతుల కత్తి నుంచి వచ్చింది కాబట్టి నడుముకు పైనే కొట్టాలి. తల, చేతులు, ఛాతీ అన్నీ లెక్కలోకి వస్తాయి. భవానీదేవి ఎంచుకున్నది ఈ సేబర్‌నే.

ఆడే చోటు 14 మీటర్ల పొడవున, రెండు మీటర్లకు మించని వెడల్పున ఒక పట్టీలాగా ఉంటుంది. మధ్యలో నాలుగు మీటర్ల ఎడంలో ఇద్దరూ నిలబడతారు. కత్తికీ, కోటుకూ, ముసుగుకూ కరెంటు తీగలు కలిపి ఉంటాయి. దెబ్బ తగలగానే దీపం వెలుగుతుంది. కత్తి బరువు అర కిలోకు మించకూడదు. రిఫరీ 'ఆడండి' అన్న తర్వాత ఒకటి రెండు క్షణాల్లోనే దెబ్బ పడిపోతుంది. కళ్లు మూసి తెరిచేలోగా అయిపోయే ఈ ఆట తొలిసారి చూసేవారికి ఏమీ అర్థం కాదంటే తప్పు పట్టనవసరం లేదు.

ఇద్దరి దీపాలూ ఒకేసారి వెలిగితే ఎవరిది పాయింటు? ముందుగా దాడికి దిగింది ఎవరో రిఫరీ తేలుస్తాడు. ఆ హక్కు వారిది. ఎదుటివారు ఆ దెబ్బను కత్తితో కాచి, తిరిగి కొడితే హక్కు వారికి మారుతుంది. ఊరి పంచాయితీలో పెద్దమనుషులు కూడా 'మొదట చేయి చేసుకున్నది ఎవరు' అనే అడుగుతారు. కాకపోతే అక్కడ మొదట చేయి చేసుకున్నవాడికి జరిమానా పడుతుంది, ఇక్కడ పాయింటు వస్తుంది. ఓడినవారు ఇంటికి వెళ్లిపోయే పోటీల్లో ఎవరు ముందు 15 పాయింట్లు చేస్తే వారిదే గెలుపు. సేబర్‌లో ఒకరు 8 పాయింట్లకు చేరగానే ఒక్క నిమిషం విరామం ఇస్తారు.

ఆడవారి సేబర్‌ను ఒలింపిక్స్‌లో చేర్చింది 2004లో. భవానీదేవి బడిలో తొలిసారి కత్తి ముట్టుకున్నది కూడా అదే ఏడాది కావడం గమనార్హం.

మిగిలింది అదొక్కటే

ఆమె ఈ ఆటను కోరి ఎంచుకోలేదు. మద్రాసులోని మురుగ ధనుష్కోటి బాలికల పాఠశాలలో ఆరో తరగతిలో చేరినప్పుడు ఆరు ఆటల పట్టిక ఒకటి పెట్టి, ఎవరికి ఏది కావాలో ఎంచుకోమన్నారు. ఒక్కో ఆటకు ఇంతమందే అని లెక్క. ఆమె వంతు వచ్చేసరికి మిగతావన్నీ నిండిపోయాయి. మిగిలింది ఫెన్సింగ్ ఒక్కటే. ఆ పేరు అంతకుముందు ఆమె విన్నది కూడా కాదు. ఎవరికీ అక్కర లేక మిగిలిపోయిన ఆట ఆమె చేతికి వచ్చిందన్నమాట.

అది డబ్బున్నవారి ఆట అని బడిలోనే హెచ్చరించారు. తండ్రి సంపాదన ఎంత అని అడిగితే, ఉన్నది చెబితే చేర్చుకోరేమోనని ఉన్నదానికంటే ఎక్కువ చెప్పానని భవానీదేవి పెద్దయ్యాక విలేఖరులకు చెప్పింది. పదేళ్ల పిల్ల చెప్పిన ఆ అబద్ధాన్ని ఏ తల్లీ తండ్రీ తప్పు పట్టరు. పేదవాడి పిల్లకు కొన్ని ఆటల గుమ్మం దగ్గరే ఆదాయం లెక్క అడుగుతారన్నది మాత్రం గుర్తుంచుకోవలసిన సంగతి.

తొలిరోజుల్లో సాధన వెదురు కర్రలతోనే. అసలు కత్తి విదేశాల నుంచి రావాలి, విరిగితే మరొకటి కొనాలి. అందువల్ల వెదురుతో సాధన చేసి, అసలు కత్తిని పోటీల కోసం దాచుకునేవారు. సేబర్ కత్తి విరగడం ఈ ఆటలో వింత కాదు. రైతుకు నాగలి కర్రు అరిగినట్టే ఇక్కడ కత్తి విరుగుతుంది. ఈ ఖర్చు ఒక్కసారితో తీరేది కాదు.

పదో తరగతి తర్వాత ఆమె కేరళలోని తలస్సేరిలో భారత క్రీడా ప్రాధికార సంస్థ నడిపే శిక్షణ కేంద్రంలో చేరింది. అక్కడ సాగర్ లాగూ అనే గురువు దగ్గర ఆట నేర్చుకుంది. తిండి, వసతి, గురువు, పరికరాలు ప్రభుత్వానివి. ఇల్లు, భాష, ఊరు వదిలి ఆడపిల్ల ఒంటరిగా వెళ్లవలసి వచ్చింది. పంపడానికి తల్లి ఒప్పుకున్నది. భవానీదేవి క్రీడా జీవితంలో మొదటి మలుపు బడిలోని ఆటల పట్టిక అయితే, రెండో మలుపు తలస్సేరి కేంద్రం. ఈ రెండూ ప్రజల సొమ్ముతోనో, బడి శ్రద్ధతోనో జరిగినవే గాని ఏ ధనికుడి దయతోనో జరిగినవి కావు.

ఆమె 14వ ఏట తొలి అంతర్జాతీయ పోటీకి టర్కీ వెళ్లింది. బరిలోకి రావలసిన సమయానికి మూడు నిమిషాలు ఆలస్యమైంది. రిఫరీ నల్ల కార్డు చూపించాడు. ఈ ఆటలో నల్ల కార్డు అంటే పోటీ నుంచి వెళ్లగొట్టడమే. అప్పుసొప్పు చేసి అంత దూరం పంపిస్తే, కత్తి ఎత్తకుండానే తిరిగి రావలసి వచ్చింది. మరో పిల్ల అయితే అక్కడితో ఆట మానేసేదేమో.

గడియారమూ, ఎదుటి మనిషీ

పరుగు పందెంలో ఎవరు ఎంత వేగమో గడియారం చెబుతుంది. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవన్‌జీ దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం తెచ్చింది. ఆమె వేగాన్ని హైదరాబాదులో కొలిచినా, పారిస్‌లో కొలిచినా సెకన్లు సెకన్లే. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో బరువులెత్తి పతకం గెలిచింది. ఇనుప దిమ్మె ఏ ఊళ్లో ఎత్తినా అంతే బరువు. ఇటువంటి ఆటల్లో మంచి గురువు, గట్టి తిండి, మొండి పట్టుదల ఉంటే సొంత ఊళ్లోనే చాలా దూరం వెళ్లవచ్చు.

కత్తిసాము అలా కాదు. ఇందులో గడియారం లేదు, తూకం లేదు. ఎదుట ఇంకొక మనిషి ఉండాలి. ఆ మనిషి తనకంటే గట్టివాడై ఉండాలి. కత్తికి కత్తే సాన. దేశంలో తనను ఓడించేవారు లేరంటే మిగతా ఆటల్లో అది గొప్ప. ఈ ఆటలో మాత్రం అదే గొప్ప ఇబ్బంది. భవానీదేవికి వచ్చింది సరిగ్గా ఆ ఇబ్బందే. ఏళ్ల తరబడి ఆమె జాతీయ విజేత. కాని ఇటలీ, ఫ్రాన్సు, హంగరీ, దక్షిణ కొరియా, జపాన్ ఆటగత్తెలను రోజూ ఎదుర్కొంటే తప్ప ఆట పదునెక్కదు.

దీనికి తోడు ర్యాంకుల చిక్కు ఒకటి. ప్రపంచ ర్యాంకు రావాలంటే ప్రపంచ కప్ పోటీల్లో పాయింట్లు తెచ్చుకోవాలి. ఆ పోటీలు ఎక్కువగా యూరప్‌లోనే జరుగుతాయి. విమానం టిక్కెట్టు, బస, ప్రవేశ రుసుం, కత్తులు అన్నీ సొంతం. ప్రభుత్వం గాని, దాతలు గాని సాయం చేయాలంటే 'మీ ర్యాంకు ఎంత' అని అడుగుతారు. ర్యాంకు ఉంటే డబ్బు, డబ్బు ఉంటే ర్యాంకు. ఆటగత్తె ఎంత మంచిదైనా ఈ రెంటి మధ్య నలిగిపోవలసిందే.

ఆ సందులో దారి తీసింది తల్లి నగలు. కూతుర్ని విదేశాలకు పంపడానికి ఆ తల్లి నగలు తాకట్టు పెట్టింది, అప్పులు చేసింది. సాయం కోసం గడప గడపా తొక్కింది. పూజారి సంపాదనతో ఐదుగురు పిల్లల ఇల్లు నడవడమే కష్టం. ఆడపిల్ల పెళ్లికని దాచే బంగారం కత్తి ఖర్చుకు పోతోందని నలుగురూ నాలుగు మాటలు అనే కాలం అది. మన ప్రాంతంలోనూ ఆ మాటలు ఇప్పటికీ వినబడుతూనే ఉన్నాయి.

ఫలితాలు ఒక్కటొక్కటిగా వచ్చాయి. 2009లో మలేసియాలో కామన్వెల్త్ దేశాల ఫెన్సింగ్ పోటీల్లో కాంస్యం. 2014లో ఫిలిప్పీన్స్‌లో 23 ఏళ్లలోపు ఆసియా పోటీల్లో రజతం. భారతదేశానికి అది కొత్త. అదే ఏడాది ఇటలీలో టస్కనీ కప్పులో స్వర్ణం. సాయం చేసేవారు అప్పటికి ముందుకు వచ్చారు. తమిళనాడు ప్రభుత్వం ఆదుకుంది. 2015లో ఒక క్రీడా ధర్మసంస్థ వారు రాహుల్ ద్రావిడ్ పేరిట నడిపే పథకానికి ఆమెను ఎంపిక చేశారు.

ఇక్కడ ఒక చిన్న మాట. నాచారం నుంచి కొద్ది దూరంలోనే ఉప్పల్ క్రికెట్ స్టేడియం ఉన్నది. 2005 నవంబరు 16న అక్కడ తొలి అంతర్జాతీయ వన్డే మ్యాచ్ దక్షిణాఫ్రికాతో జరిగినప్పుడు భారత జట్టు నాయకుడు ఈ ద్రావిడే. మ్యాచ్ ఉన్న రోజున ఉప్పల్ రింగు రోడ్డు మీద కాలు పెట్టడానికి జాగా దొరకదు. క్రికెట్ తెచ్చిన పేరుతో ఎవరికీ తెలియని కత్తిసాము పిల్లకు సాయం అందింది. మిగతా ఆటలన్నిటి అన్నాన్నీ క్రికెట్టే తినేస్తున్నదని తిట్టేవారు ఈ ఒక్క మెతుకునూ లెక్కలో వేయాలి.

2016 రియో ఒలింపిక్స్‌కు ఆమె అర్హత తప్పింది. ఆ తర్వాత ఇటలీలో లివోర్నో అనే రేవు పట్టణంలో నికోలా జనోటీ దగ్గర శిక్షణకు కుదురుకుంది. అక్కడ తనకంటే గట్టివారితో రోజూ ఆడవచ్చు. ఫలితం త్వరలోనే కనిపించింది. 2017లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో జరిగిన శాటిలైట్ ప్రపంచ కప్‌లో ఆమె స్వర్ణం గెలిచింది. 2018లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో కామన్వెల్త్ ఫెన్సింగ్ స్వర్ణం సాధించింది. ఇది నాలుగేళ్లకోసారి వచ్చే కామన్వెల్త్ క్రీడల పతకం కాదు. ఆ క్రీడల నుంచి ఫెన్సింగ్‌ను 1970 తర్వాత తీసివేశారు. దానికి వేరే పోటీ జరుపుతారు. పేరు ఒకటే కావడంతో పత్రికల్లో తరచు పొరపాటు దొర్లుతున్నది.

2019లో తండ్రి కన్నుమూశారు. మరుసటి ఏడాది కరోనా వచ్చి ఇటలీ దారి మూసుకుపోయింది. మద్రాసులో ఇంటి డాబా మీద ఇటుకలు పేర్చి, దానికి తన సామాను సంచీ తగిలించి, అదే ప్రత్యర్థి అనుకుని కత్తి విసరడం సాధన చేసింది. ఎదుటి మనిషి లేనిదే ఈ ఆట లేదని పైన చెప్పుకున్నాం. ఇటుకల గుట్టతో ఎంతకాలం ఆడగలదు?

టోక్యో, ఆ తర్వాత

ఒలింపిక్స్ చీటీ ఆమెకు దక్కిన తీరు విచిత్రమే. 2021 మార్చిలో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో ప్రపంచ కప్ జట్టు పోటీలు జరుగుతున్నాయి. అందులో కొరియా జట్టు ఆతిథ్య హంగరీని ఓడించింది. దానితో జట్ల లెక్క తేలి, ఆసియా-ఓషియానియా ప్రాంతానికి వ్యక్తిగత ర్యాంకుల మీద దక్కే స్థానాల్లో ఒకటి భవానీదేవికి ఖాయమైంది. ఆమె ప్రపంచ ర్యాంకు అప్పటికి 45. ఎవరో ఆడిన ఆటలో తన రాత తేలింది. అయితే ఆ 45 ఊరికే రాలేదు. ఏళ్ల తరబడి దేశాలు తిరిగి పోగుచేసుకున్న పాయింట్లు అవి.

టోక్యోలో మొదటి ఆటలో విరామానికి 8-0 ఆధిక్యం, చివరకు 15-3 విజయం. రెండో ఆటలో ఎదురైనది ఫ్రాన్సుకు చెందిన మనోన్ బ్రూనే, అప్పటి ప్రపంచ మూడో ర్యాంకు క్రీడాకారిణి. విరామానికి 2-8తో వెనుకబడింది. ఆ తర్వాత పుంజుకున్నా చివరకు 7-15తో ఓటమి తప్పలేదు. బ్రూనే ఆ పోటీల్లో కాంస్యం గెలిచింది. విరామం తర్వాతి లెక్క విడిగా తీస్తే భవానీదేవివి ఐదు పాయింట్లు, బ్రూనేవి ఏడు. గట్టి ప్రత్యర్థి పద్ధతి పట్టుబడటానికి ఆమెకు సగం ఆట పట్టిందన్నమాట. అటువంటివారితో రోజూ సాధన చేసే పిల్లకు అది మొదటి నిమిషంలోనే పట్టుబడుతుంది.

ఆట కాగానే ఆమె దేశ ప్రజలను క్షమించమని కోరింది. ఒలింపిక్స్‌లో దేశానికి ఈ ఆటలో తొలి గెలుపు తెచ్చిన మనిషి క్షమాపణ కోరడం చూసి చాలామంది మనసు చివుక్కుమన్నది. ప్రధానమంత్రి సైతం ఆమెను మెచ్చుకుంటూ ధైర్యం చెప్పారు. ఆ ఏడాదే ఆమెకు అర్జున అవార్డు ఇచ్చారు. ఎవరికి ఎవరు క్షమాపణ చెప్పవలసి ఉన్నదో పాఠకులే ఆలోచించుకోవచ్చు.

టోక్యో తర్వాత ఆమె శిక్షణ ఫ్రాన్సుకు మారింది. 2022లో లండన్‌లో మళ్లీ కామన్వెల్త్ స్వర్ణం నిలబెట్టుకుంది. ఆమె జీవితంలో అన్నిటికంటే పెద్ద గెలుపు మాత్రం 2023 జూన్‌లో చైనాలోని వూషీ నగరంలో వచ్చింది. ఆసియా పోటీల క్వార్టర్ ఫైనల్లో జపాన్ క్రీడాకారిణి మిసాకీ ఎమూరాను 15-10తో ఓడించింది. అప్పటి ప్రపంచ విజేత, మొదటి ర్యాంకు క్రీడాకారిణి ఎమూరాయే. అంతకుముందు ఆమె చేతిలో భవానీదేవికి ఎప్పుడూ ఓటమే. సెమీఫైనల్లో ఉజ్బెకిస్తాన్‌కు చెందిన జైనాబ్ దాయిబెకోవా చేతిలో 14-15తో, ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. సెమీస్‌లో ఓడినవారికి కాంస్యం ఇస్తారు. ఆసియా ఫెన్సింగ్ పోటీల్లో భారతదేశానికి అదే మొట్టమొదటి పతకం. టోక్యో వార్తకు దక్కిన చోటులో సగం కూడా ఈ వార్తకు దక్కలేదు. ఆట తెలిసినవారి దృష్టిలో టోక్యోకంటే వూషీయే పెద్దది.

అదే ఏడాది సెప్టెంబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో క్వార్టర్ ఫైనల్లో చైనాకు చెందిన షావో యాకీ చేతిలో 7-15తో ఓడింది. అది గెలిస్తే ఆసియా క్రీడల పతకం ఖాయమయ్యేది. ఆపైన పారిస్ తప్పింది. 2025లో ఉత్తరాఖండ్ జాతీయ క్రీడల్లో మళ్లీ స్వర్ణం గెలిచింది. గుజరాత్, గోవా తర్వాత జాతీయ క్రీడల్లో వరుసగా ఇది మూడోది. ఒకే మనిషి ఇన్నేళ్లు దేశంలో మొదటి స్థానంలో ఉండటం ఆమె గొప్పే. అయితే ఆమెను గట్టిగా నెట్టేవారు వెనుక నుంచి రావడం లేదన్నది కూడా ఆ పతకాల్లోనే కనిపిస్తున్నది. లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ 2028 జులైలో జరిగేనాటికి ఆమెకు 34 ఏళ్లు నిండి ఉంటాయి.

మన జిల్లా మాట

భారత ఫెన్సింగ్ సంఘం ఏర్పడింది 1974లో. తొలి ఒలింపిక్ క్రీడాకారిణి రావడానికి 47 ఏళ్లు పట్టింది. రెండో మనిషి కోసం ఇంకా ఎదురుచూపే. బాడ్మింటన్‌తో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, తర్వాత గచ్చిబౌలిలో శిక్షణ కేంద్రం పెట్టారు. 2012లో సైనా నెహ్వాల్ ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. 2016లో పి.వి.సింధు రజతం, టోక్యోలో కాంస్యం తెచ్చింది. ఒక హాలులో ఒకరికొకరు ఎదురుగా పదిమంది గట్టివారు రోజూ ఆడుతుంటే ఏమవుతుందో హైదరాబాదు జనానికి ఎవరూ చెప్పనక్కరలేదు. బాడ్మింటన్ కూడా ఎదుటి మనిషి ఉంటేనే పదునెక్కే ఆటే మరి. అక్కడ ఎదుటి మనిషిని ఇక్కడే తయారుచేసుకున్నారు. కత్తిసాములో ఎదుటి మనిషి కోసం భవానీదేవి ఇటలీ, ఫ్రాన్సు వెళ్లవలసి వచ్చింది. ఆమె వెళ్లి నేర్చుకున్నది ఆమెతోనే ఉండిపోయింది.

మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే హకీంపేట క్రీడా పాఠశాల ఉన్నది. అందులో నాలుగో తరగతిలోనే పిల్లల్ని ఎంపిక చేసుకుంటారు. ఊళ్లలో చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతి తెలిసేసరికి పిల్ల ఆరులోనో ఏడులోనో ఉంటుంది. భవానీదేవి ఫెన్సింగ్ పేరు మొదట విన్నది ఆరో తరగతిలో. ఆ లెక్కన నాలుగో తరగతి గేటు దగ్గర ఆమెను కూడా ఎవరూ చూసి ఉండేవారు కాదు. కాబట్టి క్రీడా పాఠశాల ఉన్నది గదా అని మామూలు బడులు చేతులు దులుపుకోవడానికి వీల్లేదు.

మొదలుపెట్టడానికి కావలసిన ఖర్చు ఎంతో కూడా ఆమె కథలోనే ఉన్నది. తొలి ఏళ్లలో ఈ ఆటకు కరెంటు దీపాలు అక్కర లేదు, విదేశీ కత్తి అక్కర లేదు. ముందు నేర్పేది కాళ్ల కదలిక. ముందుకు అడుగు, వెనక్కి అడుగు, ఒక్కసారిగా దూకి చేయి చాపడం. దానికి 14 మీటర్ల పొడుగున్న బడి వరండా చాలు, వెదురు కర్రలు చాలు. కర్రతో ఎదుటివారిని కొట్టించే ముందు మాత్రం ముఖానికి జాలి ముసుగు తప్పనిసరి. అందులో బేరం పనికిరాదు. నేర్పే మనిషి కావాలి, వారానికి కొన్ని గంటలు ఆటకు వదలాలి. అసలు కొరత అక్కడే. వ్యాయామోపాధ్యాయుడు ఉన్న బళ్లలో కూడా ఆటల పీరియడును లెక్కల పీరియడుగా మార్చే అలవాటు పదో తరగతి పిల్లల తల్లిదండ్రులందరూ ఎరిగినదే. చాలాసార్లు ఆ మార్పు కోరేది ఆ తల్లిదండ్రులే.

ఖర్చు పెరిగేది నడుమ దశలో. పిల్ల జిల్లా దాటి, రాష్ట్రం దాటి, విదేశానికి వెళ్లవలసిన రెండు మూడేళ్లు. భవానీదేవి తల్లి నగలు కరిగింది ఆ దశలోనే. పతకం వచ్చిన తర్వాత పూలదండలు, సన్మానాలు, చెక్కులు వచ్చాయి. పతకానికి ముందు ఏడాది వచ్చిన చెక్కు విలువ, పతకం తర్వాత వచ్చే పది చెక్కుల విలువకంటే ఎక్కువ. ప్రభుత్వాలకు ఈ సంగతి తెలియక కాదు. గెలిచినవారి పక్కన నిలబడితే ఫొటో వస్తుంది, గెలవబోయే పిల్ల పక్కన నిలబడితే ఎవరూ తీయరు.

ఆడపిల్ల ఉన్న ఇల్లు ఈ వార్త చదివి నగలు తాకట్టు పెట్టాలని ఎవరూ చెప్పడం లేదు. నగలు తాకట్టు పెట్టిన తల్లులు ఇంకా ఎందరో ఉండవచ్చు. వారి పిల్లలు ఒలింపిక్స్ చేరలేదు గనుక వారి పేర్లు ఎవరికీ తెలియవు. ఇంటివారు చేయగలిగింది ఒక్కటే. పిల్ల చదివే బడికి వెళ్లి, ఆటల పట్టిక ఉన్నదా, ఉంటే అందులో ఏమేం ఉన్నాయి, నేర్పేది ఎవరు, వారానికి ఎన్ని గంటలు అని అడగడం. జూన్‌లో బడులు తెరుస్తారు. హకీంపేట ప్రవేశాల కోసం ఊళ్లోని ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుని, లేదా మండల విద్యాధికారి కార్యాలయాన్ని పిల్ల మూడో తరగతిలో ఉండగానే కనుక్కోవడం మంచిది. నాలుగు దాటితే ఆ దారి ఉండదు.